వద్దన్నవాళ్లకు వడ్డన

మదనపల్లెలో మా సంగటి హోటలు ఇద్దరితో మొదలైంది. తెడ్డు నాది, నోరు నా భార్య మునెమ్మది. తర్వాత పుంగనూరులో తెరిచాం. దాన్ని మా కూతురు వాణి చూసుకుంటోంది. ఆ పిల్లకూ తల్లి నోరే వచ్చింది. మూడోది కుప్పంలో. దానికి మనుషుల్ని నేనే ఏరాను. వంటకు శ్రీరాములు, వడ్డనకు జయచంద్ర. పని తప్ప మాట తెలియని మంచివాళ్లు.

సంగటి బాగుంది, పులుసూ బాగుంది. ఒకసారి తిన్నవాళ్లు మాత్రం మళ్లీ రావడం లేదు.

"ఈ నెల సూసి మూసేద్దాం. పుంగనూరులో వచ్చింది తీసకపోయి ఆడ పోసేదానికి నా వల్ల గాదు" అంది మునెమ్మ.

నాకు మూయాలని లేదు. నేను సొంతంగా నిలబెట్టింది అదొక్కటే. బస్సెక్కి కుప్పం వెళ్లి హోటల్లో ఓ మూల కూర్చున్నాను.

ఇద్దరు లారీ డ్రైవర్లు తింటున్నారు. ముద్ద అయిపోయింది. జయచంద్ర గిన్నెతో వచ్చి "సంగటి?" అన్నాడు.

"వద్దులేప్పా" అన్నారు వాళ్లు.

అతను వెళ్లిపోయాడు. వాళ్లు ఆకులో మిగిలిన పులుసులో వేలు ముంచి ఓసారి నాకి లేవబోయారు. నాకు తప్పేమీ కనబడలేదు. వద్దన్నవాడికి ఎవరు వేస్తారు?

అప్పుడే తమ్ముడితో తినడం ముగించి, చేయి కడుక్కుని వస్తున్న ఒకామె జయచంద్ర చేతిలో గిన్నె లాక్కుంది.

"కూసోండప్పా! పులుసంతా ఆకులో పెట్టుకోని యాడికి లేస్తాండారు?"

"వద్దుమ్మా, కడుపు నిండిండాది" అన్నాడొకడు.

"నిండిందంట! కడుపు నిండినోళ్లు వేలు యాల నాకుతారు?"

ముద్ద పడింది. ఇద్దరూ నవ్వుతూ కూర్చున్నారు. అదీ తిని, ఇంకో సగం వేయించుకున్నారు.

ఆమె జయచంద్ర వైపు తిరిగింది. "మొదటి మాటకే ఎవురన్నా ఊ అంటారా అబ్బా? సిగ్గుండదా? రెండోసారి అడగల్ల, మూడోసారి ఎయ్యల్ల."

మదనపల్లెలో మునెమ్మ చేసేది అదే. నేనేమో నాలాంటివాళ్లనే ఏరి తెచ్చుకున్నాను.

ఆమె పేరు అన్నమ్మ. ఏదో హాస్టల్లో వంట మానుకుని తమ్ముడింట్లో ఉంటోందట. వెళ్లబోతుంటే గుమ్మం దగ్గర అడిగాను.

"మా హోటల్లో చేస్తావామ్మా?"

"వద్దులేప్పా."

సరేనని తిరిగాను. తిరిగి, ఆగాను. మళ్లీ వెనక్కి వెళ్లాను.

"చేయరాదామ్మా."

"నాకేల ఈ తిప్పలు?"

మాటలు వెతుక్కున్నాను. "నువ్వు రాకుంటే అంగడి మూసేస్తామమ్మా. వడ్డన నీది. జయచంద్ర లోపల శ్రీరాములుకు తోడుంటాడు. వాళ్లు మాట్లాడకపోయినా సంగటికి ఇబ్బంది లేదు. జనానికే ఇబ్బంది."

ఆమె తమ్ముడు పకపకా నవ్వాడు. అన్నమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఆదివారం చర్చి అయినాకనే వస్తా."

"రామ్మా."

"జీతం?"

"పుంగనూరులో ఎంతో ఈడా అంతే."

"సరే. రేపట్నించి వస్తా."

అంతలో మునెమ్మ ఫోను. "ఏమైంది? మూసేదేనా?"

"లేదు. మనిషి దొరికింది."

"ఎవురు? యా ఊరు? ఎట్లాంటి మనిషి?"

నేను ఫోను అన్నమ్మ చేతికిచ్చాను. వాళ్లిద్దరి మాటలు తెమిలేలోగా నా బస్సు వెళ్లిపోయింది.