చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి

సలాలా రిసార్ట్‌లోని ఐరిష్ బార్ ఆ సాయంత్రం ఆరున్నరకే కిటకిటలాడిపోతోంది. అక్కడివాళ్ళు ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర మొదలై వారమైంది. చల్లదనం కోసం మస్కట్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగిపోయాయి. లోపల ఆకుపచ్చ గోడల మధ్య ఎర్రగడ్డం పాటగాడు గొంతెత్తి పాడుతుంటే, జనం బల్లలు చరుస్తూ వంత పాడుతున్నారు. పిల్లలతో వచ్చినవాళ్ళకి ఎనిమిదింటిదాకా బయట వరండాలో చోటు.

వంటింటి నుంచి పళ్ళేలు మోసుకెళ్ళడం శ్రీలక్ష్మి పని. వేయించిన చేపల ట్రేతో వరండా తలుపు తోయబోతూ అద్దంలోంచి చూసి ఆగిపోయింది. చివరి బల్ల దగ్గర రజిత. పక్కన ఆమె కూతురు మేధ.

మస్కట్‌లో వాళ్ళింట్లో శ్రీలక్ష్మి నాలుగేళ్ళు పనిచేసింది. మేధకి గోరుముద్దలు తినిపించిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగిందీ ఆమే. ఐదేళ్ళప్పుడు ఒకరోజు ఆ పిల్ల పడి మోకాలు చెక్కుకుని, తల్లి చేతులు చాచినా వెళ్ళకుండా "అమ్మా" అంటూ శ్రీలక్ష్మి మెడకి చుట్టుకుంది. మర్నాడు మేధ బడికి వెళ్ళగానే రజిత సామాను సర్దుకోమంది. వేరే పనికి మారడానికి కావలసిన కాగితాలన్నిటి మీదా సంతకం చేసి ఇచ్చింది. పిల్ల వచ్చాక చెప్పి వెళ్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. అది జరిగి రెండేళ్ళు.

"ఏం లక్ష్మక్కా, ఆడ్నే నిలబడినావ్? చేపలు సల్లారిపోతాండాయ్" అన్నాడు వెనకనుంచి సూపర్‌వైజర్ జిలాని. కడప మనిషి.

"ఆ వరండా నువ్వు చూడవా జిలానీ? లోపల నేను చూసుకుంటాను."

జిలాని ఆమె మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా ట్రే అందుకున్నాడు.

లోపల పని చేస్తోందన్న మాటేగాని ఆమె కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ఒక బల్లకి వెళ్ళాల్సిన సూపు ఇంకో బల్లకి ఇచ్చింది. పిల్ల పొడుగైంది. జుట్టు కత్తిరించేశారు. దగ్గరికి వెళ్ళి చూడాలనిపిస్తోంది. వెళ్తే రజిత అందరిముందూ ఏమంటుందోనని కాళ్ళు కదలడం లేదు. వాళ్ళు తినేసి వెళ్ళిపోతారేమోనన్న తొందర ఒకటి. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు.

ఇంతలో మేధే ఖాళీ గ్లాసు పట్టుకుని లోపలికొచ్చింది. శ్రీలక్ష్మిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. పరుగెత్తుకు రాలేదు. మొహం మాత్రం ఎర్రగా అయిపోయింది.

"నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయావ్" అంది.

"మేధమ్మా..."

"నీకు మా ఇంట్లో ఉండటం ఇష్టం లేదంట. అమ్మ చెప్పింది."

పిల్ల వెనకే వచ్చిన రజిత ఆ మాట విని ఆగింది. శ్రీలక్ష్మి తలెత్తి ఆమె వైపు చూసింది. తప్పు తన మీద వేసుకుంటే గొడవ వదిలిపోతుంది. ఇలాంటివి ఎన్ని మింగలేదు! కానీ పిల్ల కళ్ళల్లోని కోపం చూశాక ఇది మాత్రం మింగుడుపడలేదు.

"ఎందుకెళ్ళానో మీరే చెప్పండి మేడంగారూ" అంది. "నేనైతే చెప్పనండి."

పాట పూర్తయింది. ఒకటే చప్పట్లు. అవి సద్దుమణిగేదాకా రజిత కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడింది.

"తను వెళ్ళలేదు మేధా. నేనే పంపించేశాను."

"ఎందుకు?"

రజిత వంగి దగ్గరికి తీసుకోబోయింది. మేధ ఆ చేతిని తోసేసి, గ్లాసు పక్క బల్లమీద పెట్టి, విసవిసా వరండాలోకి వెళ్ళిపోయింది. రజిత కూతురి వెనకే పరుగెత్తింది.

శ్రీలక్ష్మి మళ్ళీ ట్రే ఎత్తుకుంది. పావుగంట తర్వాత అద్దంలోంచి చూస్తే ఆ బల్ల ఖాళీ. ఆవిడని అలా అడక్కుండా ఉండాల్సిందేమో, పిల్లని ఏడిపించానేమో అనుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరే తచ్చాడింది.

ఎనిమిది కావస్తుండగా రజిత ఒక్కతే తిరిగొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంది. నాతో మాట్లాడటం లేదు. రేపు పదింటికి బయల్దేరతాం. పొద్దున్నే మాతో టిఫిన్‌కి రాగలవా లక్ష్మీ?"

"గెస్టులతో నేను కూర్చోకూడదండి. నా డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఏడింటికి రిసార్ట్ గేటు బయట బీచ్ రోడ్డు మీద ఉంటాను. తీసుకురండి."

రజిత వెళ్ళబోయి ఆగింది. "నీ దగ్గరే ఉంటానని పేచీ పెడితే?"

"పెడుతుందండి" అంది శ్రీలక్ష్మి. "నాకూ భయంగానే ఉంది. అయినా తీసుకురండి."

రజిత తలూపి తుంపరలోకి నడిచింది. లోపల పాటగాడు ఇంకో పాట ఎత్తుకున్నాడు. జిలాని పిలుస్తున్నాడు. శ్రీలక్ష్మి రెండు పళ్ళేలు అందుకుంది. ఏ బల్లకో మర్చిపోయి, వెనక్కి వెళ్ళి మళ్ళీ అడిగింది.