తాళానికున్న ఉంగరం

మా చెల్లెలికి చెబితే వినే చెవి లేదు. చెప్పినవాళ్ల మీద అరిచే నోరు మాత్రం ఉంది.

"హారన్ లేకపోతే ఏంటక్కా? కిటికీలోంచి తల బయటపెట్టి నేనే అరుస్తా" అంది.

"నీ అరుపుకి ఎదురొచ్చేవాడు లోయలో పడతాడు. కొండదారి, ఇద్దరు పిల్లలు, హారన్ లేని లారీ. కుదరదంటే కుదరదు" అన్నాను.

బండ్లు బాగుచేసే ఈ షెడ్డు ఇప్పుడు నాది. మోకాళ్లు మొరాయించాక నాన్న నాకు అప్పజెప్పాడు. లారీ మాత్రం నాన్నదే, వయసులో నాకంటే పెద్దది. కొండ అవతల ఊళ్లో చెల్లెలికి ఉద్యోగం వచ్చిందని పొద్దున్నే దాని తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సామానంతా ఎక్కించేసింది. భోజనాలవగానే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాలని పంతం.

ఆ తాళానికి లావుపాటి ఇనుప ఉంగరం ఒకటి వేలాడుతుంటుంది. అంచులు అరిగి నున్నగా అయిపోయింది. చిన్నప్పుడు దాన్ని బొటనవేలికి పెట్టుకోవడానికి నేనూ చెల్లెలూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. అంతకుముందు, పళ్లొచ్చే వయసులో, నేను దాన్నే కొరుకుతుండేదాన్నని అమ్మ చెప్పేది. ఇప్పుడు దాంతో ఆడుకునే వంతు చెల్లెలి చిన్నోడిది.

హారన్ తీగ స్టీరింగ్ కింది గొట్టంలోంచి వెళ్తుంది. తీగ మార్చాలంటే స్టీరింగ్ ఊడదీయక తప్పదు. మధ్యలో ఉన్న హారన్ బటన్ పీకి చూశాను. కింద రాడ్డు మొన ఉంది. స్టీరింగ్‌ని దానికి పట్టి ఉంచే పెద్ద నట్టు మాత్రం లేదు.

నిన్నంతా నాన్న ఈ లారీ చుట్టూ తిరిగాడు. ఆయనే విప్పుంటాడు, నాకు పని తగ్గింది అనుకున్నాను. మా షెడ్డులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. విప్పిన నట్టుని ఆ బండి తాళానికే గుచ్చాలి. బండి తీయబోతే నట్టు చేతికి తగిలి గుర్తు చేస్తుంది. చెల్లెలి చేతిలోని తాళం వైపు చూశాను. ఉంగరం తప్ప ఇంకేమీ లేదు. పాపం, వయసు మీద పడి తన పద్ధతి తానే మరిచిపోయాడు అనుకున్నాను. లోపలికెళ్లి అడగొచ్చు. అడిగితే, "నా చేత్తో బిగించింది ఇంతవరకూ ఊడింది లేదు" అని పాఠం మొదలెడతాడు. అది నాకు కంఠతా వచ్చు. అన్నం తినే మనిషిని కదిలించడం దేనికని ఊరుకున్నాను.

స్టీరింగ్ రాలేదు. ఉడుంపట్టు! రెండు చేతులా గుంజాను. తుప్పు వదలడానికి నూనె పోశాను. ఊడలాగే పుల్లర్ తెచ్చి, దాని కొక్కేలు రెండూ స్టీరింగ్ కింద తగిలించి, నడిమి స్క్రూని రాడ్డు మొన మీదికి బిగించాను. సుత్తితో తట్టాను. చెమటలు కారిపోయాయి గానీ అది ఇసుమంత కదలలేదు.

"ఓసి నీ తుప్పు తగలెయ్య!" అని నోటికొచ్చిందల్లా తిట్టాను.

"అది ఈ జన్మకి రాదక్కా" అంది చెల్లెలు, తాళం గలగలలాడిస్తూ. "నట్టు లేకపోతేనేం, ఇంత చేసినా రానిది రోడ్డు మీద ఊడుతుందా ఏంటి? ఆ కొక్కేలు తీసెయ్. నేను పోతా."

నాకూ విసుగొచ్చింది. తీసేద్దామని పుల్లర్ మీద చెయ్యి కూడా వేశాను. కానీ ఓ ఇనపముక్క ముందు ఓడిపోయి దిగడం నా ఒంటికి పడదు. "ఇదొక్క దెబ్బ. తర్వాత నీ ఇష్టం" అని, ఇంకో చుట్టు బిగించి, స్క్రూ నెత్తిన ఒక్కటిచ్చాను.

ఢామ్మంది. స్టీరింగ్ ఎగిరొచ్చి నా గుండెల మీద కొట్టుకుంది. సీట్లో వెల్లకిలా పడ్డాను. పిల్లలు కెవ్వుమన్నారు.

నాన్న మూతి తుడుచుకుంటూ కుంటుకుంటూ వచ్చాడు. "నట్టు పూర్తిగా తీయకుండా రెండు చుట్ల మీద ఉంచి లాగితే ఎగరదని ఎన్నిసార్లు చెప్పానే? ఏదీ నట్టు?"

"నన్నడుగుతావేంటి? విప్పింది నువ్వేగా!"

"నేనా? ఆ బటన్ జోలికే పోలేదు."

"నేను బటన్ తీసేసరికే లేదు నాన్నా."

నాన్న నవ్వాడు. "లేకపోవడమేంటే పిచ్చిదానా? నట్టు లేకుండా ఇన్నేళ్లు లారీ ఎలా..."

మాట అక్కడే ఆగిపోయింది. క్యాబిన్‌లోకి వంగి రాడ్డు మొన చూశాడు. నట్టు ఎక్కే మర చుట్ల నిండా ముదురు తుప్పు. నిన్నో మొన్నో విప్పి ఉంటే అక్కడ ఇనుము మెరుస్తుండాలి. నాన్న మెల్లగా చెల్లెలి వైపు తిరిగాడు.

"ఆ తాళం ఇలా తే."

ఉంగరాన్ని తాళం నుంచి తప్పించి, రాడ్డు మొన మీద పెట్టి తిప్పాడు. అది ఎక్కింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, తుప్పు రాలుస్తూ ఎక్కింది.

అది ఉంగరం కాదు, నట్టు.

"అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావే" అన్నాడు నాన్న నాతో. "స్టీరింగ్ తీద్దామని నట్టు విప్పి తాళానికి గుచ్చాను. అంతలోనే మీ అమ్మకి నొప్పులొచ్చాయి. బటన్ నొక్కిపెట్టి, ఈ లారీలోనే ఆసుపత్రికి తోలుకెళ్లా. తర్వాత నువ్వు దాన్ని నోట్లో పెట్టుకుని ఆడుతుంటే నాకది నీ బొమ్మే అయిపోయింది. నట్టని మళ్లీ తోస్తే ఒట్టు."

అంటే నేను పుట్టిన రోజు నుంచీ! నాన్న ఒళ్లో కూర్చుని నేను స్టీరింగ్ తిప్పింది ఈ లారీలోనే. చెల్లెలు బండి నేర్చుకుంది కొండమలుపుల్లోనే. నాన్న గొప్పగా చెప్పుకునే ఆ చేతి బిగింపు ఇక్కడ లేనే లేదు. ఇంతకాలం మా అందరినీ కాచింది తుప్పు. పొద్దున్నుంచీ నేను తిట్టిపోసిన తుప్పు.

"అక్కా" అంది చెల్లెలు. "నువ్వు దాన్ని సగం వదిలించేశావు. అప్పుడు నేను వెళ్లిపోయుంటే?" పిల్లల్నిద్దరినీ దగ్గరికి లాక్కుని అక్కడే నేల మీద కూలబడింది.

తీగ మార్చాను. స్టీరింగ్ ఎక్కించి, పైన ఆ నట్టు పెట్టి, పానా నాన్నకి అందించాను. ఈ లారీకి చివరి బిగింపు ఆయనదే. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేనొద్దే. నువ్వు బిగించు. తర్వాత చెల్లిని కూడా చూడమను."

నాకు ఏడుపొచ్చింది. కోపంగానే బిగించాను. చెల్లెలు లేచి, పానా తీసుకుని తనూ ఒక పట్టు పట్టి చూసింది. బటన్ పెట్టేశాం.

ఇంతలో చిన్నోడు తాళం పట్టుకుని రాగం అందుకున్నాడు. "నా ఉంగరం ఏదీ?"

నాన్న వాడిని ఎత్తుకుని క్యాబిన్ దగ్గరికి తెచ్చి, వాడి అరచేతిని బటన్ మీద పెట్టి నొక్కించాడు. హారన్ షెడ్డు దద్దరిల్లేలా మోగింది.

"దీని కింద ఉందిరా" అన్నాడు, వాడి ముఖంలోకి చూడలేక. "అది మీ అమ్మది, దొడ్డమ్మది. అక్కడే ఉండాలి."