మైనస్ ఇరవై ఐదు

డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని ఊరికే రాసి ఊరికే పంచిపెట్టే పిచ్చివాళ్లలో నేనొకణ్ణి. జీతం లేదు, తిట్లు మాత్రం టంచనుగా అందుతాయి. ఈసారి తిట్టింది మా వదిన.

వదిన బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్. అక్కడ ప్లాస్మా దాచే ఫ్రీజర్‌లో చలి చూపించే ముల్లు విరిగిపోయింది. దాని బదులు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తగిలించి, చలి ఎంతుందో మా డేటాబేస్‌లో నమోదయ్యేలా పెట్టించింది. మైనస్ పద్దెనిమిది కంటే వేడెక్కితే అలారం మోగాలి. పెట్టిన గంట నుంచీ అది మోగుతూనే ఉంది.

"రెండువందల ముప్పై ఒక్క డిగ్రీలట. మేం ప్లాస్మా దాస్తున్నామా, వేయిస్తున్నామా?" అంది ఫోన్లో.

"పద్ధతి ప్రకారం మా సైట్‌లో రిపోర్టు పెట్టండి వదినా."

పెట్టింది. నా కంప్యూటర్‌లో మైనస్ ఇరవై ఐదు వేసి చూశాను, మైనస్ ఇరవై ఐదే వచ్చింది. "నా మెషీన్‌లో బాగానే ఉంది" అని రాసి రిపోర్టు మూసేశాను. మళ్లీ పెట్టింది, మళ్లీ మూసేశాను. మా జాతికి ఇదొక జబ్బు. మూడోసారి ఆవిడ, "అయితే మీ మెషీనే తెచ్చి మా ఫ్రీజర్‌కి కట్టండి మరిదిగారూ" అని అందరూ చదివే చోట రాసింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లాను.

అలారం చప్పుడే లేదు.

"మూడు వారాల కిందటే వైరు పీకేశాం, చెవులు మిగలాలి కదా" అంది వదిన. "రేపు పై అంతస్తులో ఆపరేషన్ ఉంది. దానికి కావలసిన ఆరు సంచులు ఇందులోనే ఉన్నాయి. ఇవాళ ఏదో ఒకటి తేల్చి వెళ్లు."

ఆ బోర్డు మీద ఒక్క లైను మార్చి చూడాలంటే నలభై నిమిషాలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే మా పరీక్షలన్నీ అక్కడా పాసయ్యాయి, ఎందుకంటే వాటిలో ఒక్క మైనస్ అంకె కూడా లేదు. ఆ పరీక్షలు రాసిన మహానుభావుణ్ణి నేనే.

మధ్యాహ్నానికి దొరికింది. చిన్న అంకెను దాచేచోట అది మైనస్ కూడా కావచ్చని విడమరిచి రాయాలి. రాయకపోయినా నా కంప్యూటర్ సర్దుకుపోతుంది. ఈ బోర్డు సర్దుకుపోదు, మైనస్ ఇరవై ఐదుని రెండువందల ముప్పై ఒకటిగా చదువుకుంటుంది. ఆరేళ్ల కిందట నేను రాసిన లైనులో ఆ ఒక్క మాట లేదు.

మాట చేర్చి నడిపాను. పాత నమోదులన్నీ దారికొచ్చాయి. మైనస్ ఇరవై ఐదు, మైనస్ ఇరవై నాలుగు, మైనస్ ఇరవై ఐదు. గెలిచినవాడిలా వదిన వైపు తిరిగాను. ఆవిడ తెర అడుగున చూస్తోంది. పొద్దున ఆరింటికి మైనస్ ఇరవై. తొమ్మిదింటికి మైనస్ పదిహేను. ఇప్పుడు మైనస్ పదకొండు.

"ఫ్రీజర్ నిజంగానే పోయింది" అంది మెల్లగా.

ఇద్దరం తొడుగులు వేసుకుని నూట నలభై సంచులూ పక్క గదిలోని ఫ్రీజర్‌లోకి చేరవేశాం. ఆపరేషన్‌వి అట్టడుగున రాయిలా గట్టిగా ఉన్నాయి, బతికిపోయాం. తలుపు పక్కనున్న నాలుగు మాత్రం మెత్తబడ్డాయి. ఎవరో నలుగురు పని మానుకుని వచ్చి, చెయ్యి చాచి ఇచ్చినవి. నాకు చచ్చేంత సిగ్గేసింది.

పారేసే సంచుల రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.

"ఫ్రీజర్ చెడిపోయిందని రాసేస్తాలే" అంది వదిన, నా మొహం చూసి.

ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని నా పేరు రాశాను.