శాలువా రంగు

వీడియో కంపెనీ వాళ్ళ గదికి కిటికీ లేదు. నాలుగు గోడలకూ బూడిదరంగు గుడ్డ బిగించారు. తెర మీది రంగు తప్ప మరో రంగు కంట పడకూడదని అలా చేస్తారట. రంగులక్క లోపలికి రాగానే గోడను వేలితో తాకి చూసింది.

"మన ఇల్లూ ఇదే రంగు," అన్నాడు ఆమె భర్త. "వీళ్ళు పని పెట్టుకుని వేయించారు, మనకి దుమ్ము ఊరికే పట్టింది."

"తుడిచేవాళ్ళుంటే పట్టదు," అందామె.

రంగులక్క అన్నది స్టూడియోలో అందరూ పిలిచిన పేరు. బొమ్మల సినిమాలు తీసే ఆ స్టూడియోలో ఆమె రంగుల విభాగానికి పెద్ద. చిత్రకారులు గీసిన బొమ్మను పారదర్శకంగా ఉండే షీటు మీదికి ఎత్తుతారు. ఆ షీటును తిరగేసి, గీత దాటకుండా వెనకవైపు నుంచి రంగు నింపడం ఆమె విభాగం పని. భర్త కెమెరామన్. షీట్లను ఒక్కొక్కటిగా దీపాల కింద పరిచి ఫ్రేము తరవాత ఫ్రేము తీసేవాడు. తీయడం అయిపోయాక షీట్లను తొట్టిలో నానేసి కడిగేవారు. షీట్లకు కరువున్న రోజులవి, కడిగినవే మళ్ళీ వాడాలి. "నేను వేస్తాను, ఈయన తీస్తారు, మళ్ళీ నేనే కడుగుతాను. మా కాపురం ఇంతే," అని ఆమె కొత్తగా చేరినవాళ్ళతో అనేది. ఆమె చేతి రంగంతా అలా మురుగులోకి పోయింది. మిగిలింది ఫిల్ములో ఉన్నదే.

వాళ్ళు చేసిన సినిమాల్లో జనం ఇప్పటికీ అడిగి చూసేది ఒక్కటే. ఒక రాక్షసుడు ఊరివాళ్ళ గొంతులన్నీ మూటగట్టుకుని పోతాడు. గొర్రెలతో కొండ మీదున్న పిల్ల ఒక్కతే మాట పోకుండా మిగులుతుంది. ఆ మూట తేవడానికి బయలుదేరుతుంది. మాట పోయిన అవ్వ, ఏమీ చెప్పలేక, తన శాలువా తీసి పిల్ల భుజాన వేస్తుంది. రాక్షసుడి మైదానంలో పిల్ల ఆ శాలువా కప్పుకుని గడ్డిలో పడుకుంటే, రాక్షసుడు పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాడు.

ఆ సినిమాను ఇప్పుడు కొత్తగా డిస్కు వేస్తున్నారు. రంగులు ఖాయం చేయడానికి అప్పట్లో పనిచేసినవాళ్ళ కోసం వెతికితే ఈ ఇద్దరే దొరికారు.

రంగులు దిద్దే అమ్మాయికి ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు తల మీదికి తోసుకుని, తెరను నాలుగు గళ్ళు చేసి చూపించింది.

"పైన ఎడమవైపుది మొట్టమొదటి క్యాసెట్టండీ. దాని పక్కది మొదటి డిస్కు. కింద రెండో డిస్కు. ఈ చివరిది మేము నెగెటివ్ నుంచి ఎత్తింది. అవ్వ షాట్ చూడండి."

రెండో డిస్కులో అవ్వ మొహం మీద ముడతలు లేవు. ఫిల్ము మీది గీతలు తుడిచేసే యంత్రం ముడతల్ని కూడా గీతలనుకుని తుడిచేసింది.

"అవ్వని బ్యూటీ పార్లర్‌కి తీసుకెళ్ళారే," అన్నాడు కెమెరామన్.

అమ్మాయి నవ్వింది. "దాని మీద వచ్చినన్ని తిట్లు ఇంక దేనిమీదా రాలేదు సార్. సరే, అసలు గొడవ శాలువాతో. పిల్ల పరిగెత్తే షాట్ ఒకటి, గడ్డిలో పడుకున్న షాట్ ఒకటి, రెండూ పక్కపక్కన వేస్తాను."

క్యాసెట్టులో పరిగెత్తేటప్పుడు శాలువా నారింజ రంగు. గడ్డిలో పడుకోగానే పచ్చ. మొదటి డిస్కులో రెండు చోట్లా నారింజే. ఎదురుగా నారింజ శాలువా కనిపిస్తుంటే రాక్షసుడు పట్టించుకోకుండా పోతాడు. రెండో డిస్కులో రెండు చోట్లా బూడిద. నెగెటివ్ నుంచి ఎత్తినదాంట్లో రెండు చోట్లా పాకుడు పట్టిన రాయిలా, పసుపు కలిసిన పచ్చ.

"అభిమానులు రెండు జట్లుగా చీలిపోయారమ్మా," అంది అమ్మాయి. "క్యాసెట్టుతో పెరిగినవాళ్ళు అది మంత్రపు శాలువా అంటారు. ఆపద వస్తే గడ్డి రంగుకి మారుతుందట. రెండో జట్టు అదంతా క్యాసెట్టు లోపం అంటుంది. నెగెటివ్ చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ అదీ పాతబడిందేగా, నా కంటిని నేను పూర్తిగా నమ్మను. రంగు కలిపింది మీరు. మీరేదంటే అది. ఇది అయ్యాక నెగెటివ్ డబ్బాలోకి పోతుంది, మళ్ళీ ఎవరూ తియ్యరు."

రంగులక్కకు ఆలోచించే పని లేదు. ఆ రంగు ఆమె స్వయంగా కలిపింది. గడ్డి వేసిన బ్యాక్‌గ్రౌండు పక్కన పెట్టుకుని, కెమెరా దీపాల కింద రెండూ ఒక్కటయ్యేదాకా పసుపు చుక్కా నలుపు చుక్కా వేస్తూ పోయింది. సినిమా మొత్తానికి అదే రంగు. క్యాసెట్టులో ఏం జరిగిందో కూడా ఆమెకు తెలుసు. క్యాసెట్టు వేసినవాళ్ళ దగ్గరున్న ప్రింటు వెలిసిపోయింది. వెలిసిన ప్రింటులో పచ్చలు ఎర్రబారుతాయి. ఆ ప్రింటులో ఒక రీలు చిరిగిపోతే, దాని బదులు మరోచోటి నుంచి వెలవని రీలు తెచ్చి అతికారు. గడ్డి సీను ఆ రీల్లో ఉంది.

"మారుతుంది," అంది రంగులక్క. "క్యాసెట్టే కరెక్టు."

కెమెరామన్ కుర్చీలో ఇటు తిరిగాడు. "ఏంటి మారేది?"

"శాలువా."

"ఒకటే డబ్బా కదే. మూత మీద నాచు అని నువ్వే రాశావు."

"మీకు గుర్తులేదు."

"నాకా? నిన్న తిన్న కూర గుర్తులేదంటే ఒప్పుకుంటా. దీపాల కింద నిలబెట్టి ఆ శాలువాతో నా ప్రాణం తీశావు. ఇంకో చుక్క, ఇంకో చుక్క అంటూ. నారింజ ఎక్కడిది?"

"వయసు మీద పడింది, ఆయన్ని పట్టించుకోకండి," అంది ఆమె అమ్మాయితో. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అమ్మాయి ఇద్దరి వంకా చూసి లేచింది. "బయట టీ మెషీనుంది. మీరు తాగి రండి. నేనీలోపు ఇంకో రీలు సర్దుకుంటాను."

నడవాలో మెషీను ముందు కెమెరామన్ రెండు కప్పులు పట్టి, ఒకటి భార్యకిచ్చాడు.

"అక్కడ అబద్ధం ఎందుకు చెప్పావు?"

ఆమె టీ వంక చూసింది. "పిచ్చుక శాలువా ఏ రంగండీ?"

ఆయన చేతిలో కప్పు ఆగిపోయింది. పిచ్చుక వాళ్ళ కూతురు. రక్తం జబ్బుతో ఎనిమిదో ఏట పోయింది. ఆ పేరు ఇంట్లో ఎవరైనా పలికి ఏళ్ళయింది. ఎవరూ వద్దనుకోలేదు, అలా జరిగిపోయింది.

"నారింజ," అన్నాడాయన. "ఆసుపత్రిలో కప్పుకునేది. నువ్వు కుట్టావు."

"నాచు కలిపిన చేతులతో నారింజ కుట్టాను. అది టీవీ మీద వేలు పెట్టి, ఇదే కావాలంది." ఆమె గోడకు ఆనుకుంది. "క్యాసెట్టు తెచ్చిన కొత్తలో ఓ పూట అడిగింది. అమ్మా, ఇందాక నారింజగా ఉంది కదా, ఇప్పుడు పచ్చగా ఎందుకయిందీ అని. రీలు మారిందే అని చెప్పచ్చు. ఎంతసేపు చెప్తాను? ఒంట్లో ఓపిక లేక, మంత్రం, ఆపదొస్తే మారుతుంది అన్నాను. అక్కడితో వదిలిపోతుందనుకున్నాను."

"నాకు చెప్పలేదే."

"మీరెక్కడున్నారు? రెండు షిఫ్టులు."

అది నిష్ఠూరం కాదని ఆయనకు తెలుసు. ఆ షిఫ్టులు ఆసుపత్రి ఖర్చుల కోసమే.

"సూదుల బండి చక్రం చప్పుడు వినపడగానే తలదాకా కప్పేసుకునేది. లోపల్నించి, మారిందా అమ్మా అని. మారింది, నువ్వసలు కనపడటం లేదు అనేదాన్ని. ఆ నర్సమ్మ కూడా మంచిది. అయ్యో, ఈ మంచం మీద పిల్ల ఏదండీ, అంతా గడ్డే ఉంది అంటూ వెతికేది. చివరికి, గడ్డిలో ఒక చెయ్యి దొరికిందండోయ్ అని పొడిచేది. ఇది లోపల నవ్వేది. ఏడుస్తూ నవ్వేది."

నడవాలోంచి ఎవరో ఫైళ్ళు పట్టుకుని వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆమె ఆగింది.

"దానికి నేను చెప్పింది అబద్ధం కాకూడదండీ. ఎవరికి నష్టం? సగంమంది అదే కావాలంటున్నారుగా. డిస్కులో అలా ఉండిపోతే నేను చెప్పింది నిజమే అవుతుంది."

కెమెరామన్ కప్పు ఖాళీ చేసి బుట్టలో వేశాడు. జీవితంలో ఒక్క ఫ్రేము దొంగతనంగా కలిపినవాడు కాదు. స్టూడియోలో దాన్ని ఛాదస్తం అనేవారు.

"పద," అన్నాడు.

గదిలోకి వెళ్ళి, కూర్చోకముందే చెప్పాడు. "అమ్మాయ్, నేను వేరే సినిమాతో కలిపి పొరబడ్డాను. ఆవిడ చెప్పిందే రాసుకో. మారుతుంది."

రంగులక్క ఆయన వంక చూడలేదు.

అమ్మాయి ఒక క్షణం ఆగి, కళ్ళజోడు దించుకుంది. "సరే సార్." మీటల మీద చేతులు పెట్టింది. పరిగెత్తే షాట్లో శాలువా చుట్టూ సన్నటి గీత తిరిగింది. లోపలి పచ్చ మెల్లగా పసుపుకు జరిగి, పసుపు నుంచి నారింజకు వచ్చింది. "ఇంత చాలా? ఇంకొంచెం ఎరుపా?"

"కొంచెం తగ్గించు. ఆ... అంతే."

అదే రంగు. గుడ్డ కొట్టు మెట్ల మీద నిలబడి, ఎండలో పట్టి చూసి తీసుకున్న రంగు.

"ఇప్పుడు రెండూ కలిపి వేస్తాను." అమ్మాయి బటన్ నొక్కింది. పిల్ల నారింజ శాలువాతో పరిగెత్తింది. కట్. పచ్చ శాలువా కింద గడ్డిలో పడుకుంది. "బాగానే కుదిరింది. మీరు ఇలా చెప్పడం మంచిదయింది, మా ఇంట్లో గొడవ తప్పింది."

"ఏం గొడవ?" అన్నాడు కెమెరామన్.

"మా అమ్మాయికి ఆరేళ్ళు సార్. పని కోసం క్యాసెట్టు ఇంటికి తీసుకెళ్తే చూసేసింది. నిన్నట్నించి దుప్పటి కప్పుకుని సోఫా వెనక కూర్చుంటోంది. మారిందా, మారిందా అని ఒకటే గోల."

"నువ్వేమన్నావు?" అంది రంగులక్క.

"మారిందన్నానమ్మా. ఇంకేం అంటాం?"

తెర మీద రాక్షసుడు వచ్చి, వెళ్ళిపోయాడు. అమ్మాయి షాట్‌ను మళ్ళీ మొదటికి తెచ్చింది. రంగులక్క తెరను చూడటం మానేసింది.

భర్తకు ఆమె అంతా చెప్పలేదు. చివరి వారంలో ఒకరోజు సూదుల బండి గుమ్మం దాకా వచ్చినా పిచ్చుక శాలువా పైకి లాక్కోలేదు. కప్పుకోవే, వస్తున్నారు అని తనే అంది. పిల్ల శాలువాను కాళ్ళ మీదికి తోసేసి, ఇది మారదులే అమ్మా, అంది. అని, చెయ్యి తనే చాపింది. ఎప్పట్నించి తెలుసో చెప్పలేదు. తెలిసి కూడా ఎన్నిసార్లు అమ్మ కోసం మారిందా అని అడిగిందో, రంగులక్క ఆనాటి నుంచీ తేల్చుకోలేకపోయింది.

"అమ్మాయ్," అంది. "అది తీసెయ్."

"ఏదమ్మా?"

"నారింజ. మారదు. మొదట్నించీ నాచు రంగే. నెగెటివ్‌లో ఉన్నదే కరెక్టు. ఇంకొక్క పిసరు పసుపు పడాలి, అంతే."

అమ్మాయి కెమెరామన్ వంక చూసింది. ఆయన భార్య వంక చూశాడు. "మన మాట అయిపోయింది కదా," అన్నాడు నెమ్మదిగా. "ఉంచెయ్యి. నేను ఒప్పుకున్నాగా."

"మీరు ఒప్పుకున్నారు," అంది ఆమె. "కప్పుకుని కూర్చునే పిల్లలు ఒప్పుకోవద్దూ? మారుతుందని చూస్తూ కూర్చుంటారు. ఎంతసేపని కూర్చుంటారండీ?"

మీటలు వెనక్కి తిరిగాయి. శాలువా నారింజ నుంచి పసుపుకు, పసుపు నుంచి పచ్చకు వచ్చింది. రంగులక్క చెప్పిన పిసరు పసుపు కూడా పడింది. గడ్డి షాట్ వేస్తే శాలువా ఎక్కడ మొదలయిందో, గడ్డి ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"మీ పాపకి చెప్పు," అంది రంగులక్క. "శాలువాలో మంత్రం లేదని. అది గడ్డి రంగుదే కనక గడ్డిలో దాక్కోగలిగిందని."

"అంటే ఆ పిల్ల తెలివైందన్నమాట," అంది అమ్మాయి.

"పిల్ల కాదు, అవ్వ," అన్నాడు కెమెరామన్, ఏదో ఒకటి అనాలని. "ఏ గడ్డిలో పడుకోవాల్సి వస్తుందో ముందే తెలిసి, చూసి ఇచ్చింది." అన్నాక, అనకుండా ఉండాల్సిందని తెలిసింది. భార్య వైపు చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యిని పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

"నిజమే," అంది. "అవ్వకి తెలుసు."

అమ్మాయికి ఇది రంగు గురించి కాదని అర్థమయినట్టుంది. "ఈ పూటకి ఆపేద్దామా అమ్మా? మిగతాది రేపు చూసుకోవచ్చు."

"ఎందుకు? వెయ్యి."

తరవాతి షాట్ రాక్షసుడి కాళ్ళు. చెప్పుల పట్టీ క్యాసెట్టులో నలుపు, మొదటి డిస్కులో ఎరుపు, రెండో డిస్కులో అసలు కనిపించలేదు. రంగులక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముందుకు వంగి చూసింది.

"కాఫీ పొడి రంగు," అంది. "ఈ ఎరుపు తగ్గించు."