వంతు బావి

కనకమ్మ సత్రం ఊరు దాటాక ఉన్న ఆ బావికి హక్కుదారులు ఇద్దరు. ఒకరోజు కుప్పమ్మ మోటారు వేస్తే, మరునాడు ఆమె మరిది ఎలుమలై వేస్తాడు. మామగారు పెట్టిపోయిన వంతు అది. ఆయన పొలానికైతే గట్టు వేసి పంచాడు గానీ, అడుగున ఊరే నీళ్ళకు గట్టు ఎలా వేస్తాడు పాపం!

ఈ ఏడు ఎలుమలై పైరు పెట్టలేదు. తన వంతు నీళ్ళను లారీలకెత్తి, పట్టాభిరామ్ టౌనులోని అపార్ట్‌మెంట్లకు అమ్ముతున్నాడు. కుప్పమ్మ వంతు వచ్చేసరికి మోటారు కాసేపు నీళ్ళు పోసి, తర్వాత గాలి కక్కుతోంది. ఆమె వేరుశనగ సరిగ్గా కాయ కట్టే అదనులో ఉంది. మొగుడు సుబ్బన్న కంపెనీ షిఫ్టుకు పోతాడు, చేను బరువంతా ఆమెదే. కాలు కాలిన పిల్లిలా చేనికీ బావికీ తిరుగుతోంది.

"అంతా తోడేస్తే నాకు యాడ మిగుల్తాది?" అని మరిదిని నిలదీసింది.

"నా వంతు నేను తోడుకుంటా ఉండా వదినా. నీ వంతు నాడు మోటారు ముట్టినానా?"

తప్పు పట్టడానికి లేని మాట. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. అయినా కోపం దిగమింగుకుని బతిమాలింది.

"రేపు నా వంతు నేను వదిలేస్తా. ఎల్లుండి నువ్వూ వదిలెయ్యి. ఊట పేరుకుంటే, ఆ మర్నాడు చేను ఒక్క తడి తడుపుకుంటా."

"సరి వదినా, అట్లే కానీ" అన్నాడు ఎలుమలై.

మరునాడు ఆకులు వాడిపోతున్నా ఆమె మోటారు ముట్టలేదు. సాయంత్రానికి బావిలో ఊట పేరుకుని ఒక మెట్టు మునిగింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

తెల్లారి బావి దగ్గర నీళ్ళు తోలే తణ్ణి లారీలు నిలబడి ఉన్నాయి.

"అపార్ట్‌మెంటోళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తా ఉండారు వదినా. ఈ ఒక్క దినం అడ్జస్ట్ చేసుకో" అన్నాడు ఎలుమలై, ఆమె మొహం చూడకుండా.

ఆమె వంతు నాటికి అడుగున కాసిని నీళ్ళే ఊరాయి. ఒక మొక్క పీకి కాయ నొక్కితే తొక్కే మిగిలింది. కుప్పమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ తణ్ణి లారీల డ్రైవర్ ఆనంద్‌రాజ్‌కు ఫోన్ చేసి, తన వంతు నీళ్ళూ కొనుక్కోమంది.

అతను లారీతో వచ్చి బావిలోకి పైపు దించాడు. ట్యాంకు సగం కాకముందే బురద రావడం మొదలైంది.

"నిలిపేద్దామా అక్కా? ఊట కొంచెం ఉండనీ."

"ఎవురి కోసరం ఉంచేది?" అంది కుప్పమ్మ. "లాగు."