నల్లంచు కాయితం

"అంచు నల్లగ కనవడొద్దే. పెండ్లి కాయితం చూసి చావు కబురనుకుంటరు," అని అత్త నర్సమ్మ పసుపు గిన్నె ముందర పెట్టిపోయింది.

మణెమ్మ కత్తెర తీసింది. ఏం కాయితాలయ్యా అవి! సంఘపోళ్లు దొర ఉండే గడి మీద వడి లెక్కల పుస్తకాలు మంటలేసిన్నాడు, ఖాళీవి ఎందుకు కాలవెట్టాలె అని పోశాలు గుంజుకొచ్చినయ్. అంచులన్నీ కమిలిపోయినయ్. జనగామల అచ్చు కొట్టిద్దామంటే తొవ్వ పొడుగున పోలీసులు, చేతుల చూస్తే పైస లేదు. అందుకని అక్షరాలు పోశాలు రాసిండు, సింగారం మణెమ్మ నెత్తిన పడ్డది. కాలిన అంచు కత్తిరియ్యాలె, పసుపు పుయ్యాలె, కుంకుమ బొట్టు పెట్టాలె, మోదుగుపూలు ఉడకవెట్టిన రంగుతోని చుట్టూ తీగ గియ్యాలె. చదువొచ్చినోళ్లు ఎందరున్నరు ఆ ఊళ్లల్ల? అంచుకు పసుపుంటే పెండ్లి, నలుపుంటే చావు. అంతవరకు అందరికి ఎరుకే.

పెండ్లెవలిదంటరా? ఆమె మొగడు పోశాలుదే.

"సిగ్గు లేదానే నీకు," అని తనను తానే తిట్టుకున్నది మణెమ్మ. తిట్టుకుంటనే తీగకు ఆకులు పెట్టింది. చెయ్యి పాడుగాను, దానికి పని చెడగొట్టుడు రాదాయె. పోయినేడు పోశాలు యాడ దాక్కున్నడో చెప్పమని రజాకార్లు ఇంటి మీద వడ్డరు. ఆమె నోరిప్పలే. బూటుకాలుతోని కడుపుల తన్నిండ్రు. లోపలి బిడ్డ పాయె, ఇగ పుట్టరని మంత్రసాని చెప్పె. పోశాలు వాపస్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. ఉత్తగ కాదు, నిజంగనే ఏడ్చిండు. అదే మనిషి మొన్న ఆ చెయ్యే పట్టుకొని, "వంశం నిలవాలె గద మణెమ్మా, జర నువ్వు సమజ్ చేస్కోవాలె," అన్నడు. ఎవలి కోసం పోయింది ఆ వంశం, ఒక్కపారన్న యాది చేస్కున్నడా? సంఘంల చెప్తనంటే నవ్విండు. "ఇంటి ముచ్చట్లు సంఘంల పెడతరానే! ముందు దొరతనం పోనియ్. ఆడోళ్ల సంగతి ఎనుక చూద్దాం," అన్నడు. ఊరి నడుమ నిలవడి, "ఇయ్యాల్టి సంది ఎవ్వలు ఎవ్వలికి వెట్టి చెయ్యొద్దు," అని ఆయన గొంతు చించుకున్ననాడు అందరికంటె ముందు చప్పట్లు కొట్టింది మణెమ్మే. ఇంటికి రాంగనే కాళ్లకు నీళ్లు తెమ్మన్నడు. తెచ్చింది. అప్పుడు తోచలే ఆమెకు.

అత్త మళ్లొచ్చి పక్కన కూసున్నది. కొత్త కోడలు రాజీకి పదహారేండ్లు నిండలేదట, పిల్లకు పని రాదట. ఆ పోరి మీద మణెమ్మకు కోపం లేదు. దాన్నెవలడిగిండ్రు పాపం!

"ఎందుకే గట్ల మొఖం పెడ్తవ్? నిన్నేమన్న ఎల్లగొడ్తున్నమా?" అన్నది నర్సమ్మ మెల్లగ. "ఇంత తిను, పని చేస్కో, ఓ మూలకు పడుండు. నీకేం తక్కువ?"

మణెమ్మ చెయ్యి ఆగింది. ఈ మాట ఆమె ఇంతకుముందు విన్నది. చిన్నప్పుడు తల్లితోని గడిల వెట్టికి పోయి, దొరసాని బట్టలు పిండి, నడుము లేవక కూలవడ్డనాడు దొరసాని అచ్చం గిదే చెప్పింది. ఇంత తిను, పని చేస్కో, ఓ మూలకు పడుండు. గొంతు సుత గింతే మెత్తగుండె. గడి తలుపులు పలగ్గొట్టినం, దొర పారిపాయె, కాయితాలు కాలవెడ్తిమి. మరి ఈ ఇంట్ల నేను చేసేది ఏంది?

పోశాలు వచ్చి కాయితాలు ఎత్తి చూసిండు. "మస్తుగున్నయ్. నీ చేతిల కళ ఉన్నదే," అన్నడు. మురిసిండు గుడ. "మీ తల్లిగారింటికి సుత ఒకటి పంపాలె. లేకుంటే మర్యాద ఉండది."

"నేనే తీస్కపోత," అన్నది మణెమ్మ.

"పొద్దూకేటాల్లకు రా మరి, పెండ్లి బియ్యం దంచేదున్నది," అన్నది అత్త.

అందరి కాయితాలు పచ్చగ ఆరినయ్. మణెమ్మ కుప్ప అడుగు నుంచి బాగ కమిలినదొకటి ఏరుకున్నది. దానికి కత్తెర పెట్టలే, పసుపు పుయ్యలే. గోలెం కాడ చేతులు రుద్ది రుద్ది కడిగింది. కట్టుచీరె మీదనే తల్లిగారూరు నర్మెట్ట తొవ్వ పట్టింది.

ఆమె కన్నతల్లి మైసమ్మ వాకిట్ల మిరపకాయలు ఎండవోస్తున్నది. బిడ్డను చూసి లేశింది, నవ్వవోయింది. చేతిల కాయితం కండ్లవడ్డది. చుట్టూ నల్లటంచు. చాట కింద వడ్డది.

"అయ్యో దేవుడా! ఎవలు పోయిండ్రే బిడ్డా? పోశాలా?"

"కాదవ్వా," అన్నది మణెమ్మ. కాయితం తల్లి చేతుల పెట్టి, వాకిట్లనే కూసున్నది. "పోశాలు పెండ్లాం పోయింది. నీ బిడ్డ వచ్చింది."