మూడు వృత్తుల మొనగాడు

వెర్నాకు తమ్ముడంటే ప్రాణమే. కానీ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరింటి దాకా మాత్రం వాడి పీక పిసికేయాలనిపిస్తుంది.

అమెరికాలోని డెలవాన్ ఊళ్లో ఆమె ఇంటి బేస్‌మెంట్‌లో, జింక మాంసంతో నిండిన ఫ్రీజర్ పక్కన, పద్దెనిమిదేళ్లుగా పాచికల ఆట నడుస్తోంది. కథ చెప్పేదీ, రాక్షసుల్ని ఆడించేదీ, తగవులు తీర్చేదీ వెర్నా. మిగిలిన ముగ్గురూ తలా ఒక వీరుణ్ణి కాగితం మీద పుట్టించుకుని ఆ కథలో తిరుగుతారు. ప్రతి వీరుడికీ ఒక వృత్తి ఉండాలి. కత్తి తిప్పడమో, గాయాలు మాన్పడమో, మంత్రాలు వేయడమో. ఆట సాగేకొద్దీ అందులో మెట్లు ఎక్కుతారు. ఒక్కటి చాలదనుకుంటే వృత్తులు కలుపుకోవచ్చని రూల్ పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసిన మహానుభావుణ్ణి వెర్నా వారానికోసారైనా తిట్టుకుంటుంది.

ఎందుకంటే తమ్ముడు కర్టిస్ మూడు కలిపాడు. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము కోసే మనిషి, ఆ బుద్ధే ఇక్కడా చూపిస్తాడు. వాడి వీరుడు సర్ థియోబాల్డ్ దేవుడి పేరిట ఒట్టేసిన యోధుడు, దయ్యంతో ఒప్పందం రాసుకున్న మంత్రగాడు, పైపెచ్చు పాటగాడు.

“దేవుడూ దయ్యమూ ఇద్దరూ నీకే జీతమిస్తున్నారేమిట్రా?” అని అడిగింది ఒకసారి.

“ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదక్కా. మధ్యలో పాటలు పాడి నెట్టుకొస్తున్నా” అన్నాడు, పళ్లికిలించి.

నెల కిందట, వెర్నా మూడు వారాలు కూర్చుని తయారుచేసిన ముగ్గురు కొండ రాక్షసుల్ని వాడు ఒక్క వంతులో చంపేశాడు. మూడు వృత్తుల మంత్రాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కాలిక్యులేటర్ నొక్కి, అంకె చెప్పాడు. అంతే, అయిపోయింది. వాళ్లకు పేర్లు కూడా పెట్టుకుంది పిచ్చి వెర్నా.

అదంతా సహించేదే. సహించలేనిది పోయిన ఆదివారం జరిగింది. ఆట ముగిశాక మెట్ల దగ్గర మంచు బూట్లు తొడుక్కుంటూ ఆర్డిస్ నెమ్మదిగా చెప్పింది.

“వెర్నా, వచ్చే వారం కథలోకొచ్చే నీ డ్రాగన్‌ని చూసి వెళ్తాలే. తర్వాతింక రాను.”

“అదేంటి పిన్నీ?”

“నేను కత్తి దూసేలోపే అంతా అయిపోతోంది కదే. వాడి లెక్కలు వినడానికి ఇంత మంచులో రావడమెందుకు?”

ఆర్డిస్ చుట్టం కాదు. వాళ్లమ్మకు స్నేహితురాలు, చిన్నప్పటి నుంచీ పిన్ని. డెబ్బయ్యేళ్ల మనిషి. మొగుడు పోయాడు, రెండేళ్ల కిందట ఆవుల్ని కూడా అమ్మేసింది. ఆమె వీరురాలు హెన్రియెట్టా ఉత్త కత్తి యోధురాలు, మంత్రం ఒక్కటీ రాదు. ఆ పేరు కూడా ఆమె కొట్టంలో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చిన ఆవుదే. ఈ బల్ల కూడా లేకపోతే ఆమెకు ఆదివారం లేదు. ఇంకో మనిషి గొంతు వినబడే రోజే లేదు. ఆ సంగతి తలచుకుంటే వెర్నాకు కర్టిస్ మీద ఒళ్లు మండిపోయింది.

వారమంతా రూల్ పుస్తకాలతో కుస్తీ పట్టింది. గురువారం వాడి తప్పు దొరికింది. కొన్ని మంత్రాలు వేసి వదిలేస్తే సరిపోదు, మనసు నిలిపి పట్టుకోవాలి. ఒక మనిషి ఒక వేళకు ఒక్కటే పట్టుకోగలడు. కర్టిస్ పాటగాడి మంత్రం ఒకటి, దయ్యం మంత్రం ఒకటి, రెండూ ఒకేసారి నడిపిస్తున్నాడు. దయ్యం ఇచ్చినదాన్ని దయ్యమే మోస్తుందని వాడి వాదన. అలా పుస్తకంలో ఎక్కడా లేదు. వెర్నా ఆ పేజీలో పచ్చ కాగితం పెట్టింది. డ్రాగన్ ఎదురుపడేదాకా నోరు విప్పకూడదనుకుంది.

ఆదివారం అందరికన్నా ముందు ఆర్డిస్ దిగింది, చేతిలో మడిచిన కాగితం సంచీతో. తన కుషన్, పాచికల డబ్బా, గంట అందులో వేసుకుపోవడానికని అడక్కుండానే తెలుస్తోంది. ఆ గంట ఆమె తండ్రి కాలం నాటి ఆవు గంట. ఆటలో వాదన ముదిరితే వెర్నా తీర్పు చెప్పి ఒక్కసారి మోగిస్తుంది. మోగాక ఇంక మాట లేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు.

తర్వాత గ్లెన్ వచ్చాడు, మందుల షాపు అమ్మేసి రిటైరైనవాడు. ఆటలో వైద్యుడు. మాట తక్కువ, తిండి ఎక్కువ. వస్తూనే చీజ్ ముక్కల గిన్నె తన వైపు లాక్కున్నాడు. చివర కర్టిస్ వచ్చి తన కాగితం అక్క ముందు పెట్టాడు.

“కొంచెం మార్చానక్కా. చదివి సంతకం పెట్టు.”

ఆట మొదలయ్యేముందు అందరి కాగితాలూ చదివి సంతకం చేయడం వెర్నా పని. తను పనిచేసే కౌంటీ ఆఫీసులో కుక్క లైసెన్సు ఫారం కూడా రెండుసార్లు చదివే మనిషి. ఇవాళ మాత్రం చదవలేదు. పచ్చ కాగితం ఉండగా చదవడమెందుకు? సంతకం గీకిపారేసింది.

“చదవలేదు నువ్వు” అన్నాడు కర్టిస్.

“నీ బాగోతం నాకు తెలీనిదా? కూర్చో.”

రెండున్నరకు డ్రాగన్ లేచింది. రెండేళ్లుగా కథలో నీడ మాత్రమే కనిపించిన ముసలి ఓల్మారా. గుహ కప్పు ఎలా పగిలిందో వెర్నా చెబుతుంటే గ్లెన్ నమలడం ఆపేశాడు. మొదటి వంతు కర్టిస్‌ది.

“పాట మొదలెట్టి వేగ మంత్రం వేస్తున్నా. దాంతోపాటు ఒప్పందంలోంచి నిప్పు మంత్రం. రెండూ కలిపి...”

“కుదరదు.”

“పూర్తిగా విను అక్కా.”

“వినక్కర్లేదు. ఒక మనిషికి ఒక మనసు. ఒక మంత్రమే పట్టుకోగలవు. దయ్యం వచ్చి మోయదు, నీ మొహానికి కూలివాడు కూడానా!” అని పుస్తకం తెరిచి వాడి ముందుకు తోసింది. తోసి, గంట ఎత్తి గట్టిగా మోగించింది.

వాడు వాదించలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. పెన్సిల్ కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“రెండూ నీ మీదేనట్రా?” అంది ఆర్డిస్, విసుగ్గా.

“నా మీద కాదు పిన్నీ. నీ కత్తి మీద.”

వెర్నా వాడి కాగితం లాక్కుని అప్పుడు చదివింది. రబ్బరుతో తుడిచి తుడిచి అక్కడక్కడా చిల్లులు పడింది. దెబ్బల అంకెలు ఉండాల్సిన చోట సున్నాలు. కవచం లేదు. మూడు వృత్తుల్లోనూ పోగేసినదంతా ఇంకొకరికి సాయం చేసే మంత్రాల్లో పోశాడు. పోయిన వారం మెట్ల దగ్గర పిన్ని అన్న మాట వాడి చెవిన కూడా పడిందన్నమాట. వెధవ, ముందే చెప్పి చావొచ్చుగా!

“తప్పు నాదేరా. చదవకుండా సంతకం పెట్టాను. ఆఫీసులో అయితే నన్ను నేనే వెనక్కి పంపేసేదాన్ని” అంది. “ఆ తీర్పు తీసేస్తున్నా.”

“తియ్యవు” అంది ఆర్డిస్. “అది మా నాన్న గంట. మోగింది మోగిందే. ఒరేయ్, ఒక్కటి మిగిలిందిగా? వేగం అంటే ఏంటి, నిప్పంటే ఏంటి, నాకర్థమయ్యేలా చెప్పు.”

ఇన్నేళ్లలో ఆమె ఒక మంత్రం గురించి అడగడం అదే మొదలు. కర్టిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని, కాలిక్యులేటర్ లేకుండా, వేళ్ల మీద చెప్పాడు.

“నలభై ఏళ్లు నాలుగింటికి లేచి పాలు పితికాను. వేగం నాకెందుకు? నిప్పివ్వు” అంది ఆర్డిస్.

వెర్నా తన పాచికల ముందున్న అట్ట తెర తీసి నేల మీద పెట్టేసింది. అందరూ చూస్తుండగానే వేస్తుంది ఇంక, ఎవరి మీదా దయ లేదు. పోరు గంటన్నర సాగింది. నిప్పు కత్తితో హెన్రియెట్టా రెక్క నరికింది, తోక నరికింది. గ్లెన్ దగ్గర మాన్పే మంత్రాలు అయిపోయాయి, చీజ్ కూడా అయిపోయింది. దెబ్బ తగిలినకొద్దీ తరిగే ప్రాణాల్లో హెన్రియెట్టాకు రెండే రెండు మిగిలినప్పుడు ఓల్మారా ఆమె వైపు నోరు తెరిచింది.

“ఒట్టేసిన యోధుడు పక్కవాళ్ల ముందుకొచ్చి దెబ్బ తాను తీసుకోవచ్చు” అన్నాడు కర్టిస్. “మొదటి మెట్టులోనే ఉంటుంది. ఇంతవరకూ వాడలేదు.”

“ఒరేయ్, నీకు కవచం లేదు. చచ్చిపోతావు. నువ్వు పోతే కత్తి మీద నిప్పు కూడా పోతుంది.”

“తెలుసు. రెండుసార్లు లెక్కేశాను.”

మూడేళ్లు పెంచిన థియోబాల్డ్, దేవుడూ దయ్యమూ ఇద్దరూ చూస్తుండగా, ఒక్క ఊపిరికి బూడిదయ్యాడు. నిప్పు ఆరిపోయింది. హెన్రియెట్టా చేతిలో మొదటి రోజు నుంచీ ఉన్న ఉత్త కత్తి మిగిలింది. డ్రాగన్‌కు తొమ్మిది ప్రాణాలున్నాయని వెర్నా దాచకుండా చెప్పేసింది. ఆర్డిస్ పాచిక విసిరింది. పదిహేడు. దెబ్బ తగిలింది. ఎంత తగిలిందో చూడటానికి ఇంకో పాచిక, దాని మీద ఆమె బలం కలిపి పదకొండు. ఓల్మారా కూలింది.

గ్లెన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కర్టిస్ చచ్చినవాడినన్న సంగతి మరిచిపోయి అరిచాడు. ఆర్డిస్ మాత్రం ఆ పాచికను చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆరింటికి ఆమె బూట్లు తొడుక్కుంటుంటే, మళ్లీ వస్తావా అని అడగాలంటే వెర్నాకు భయమేసింది. వెనకాల కర్టిస్ అప్పుడే కొత్త కాగితం తీసి గీస్తున్నాడు.

“మొక్కల మంత్రగత్తె, దొంగ, పైన కొంచెం...”

“రెండే!” అంది ఆర్డిస్ మెట్ల మీద నుంచి. “మూడోది కలిపావంటే వచ్చే వారం గంట నేనే మోగిస్తా.”

“పాలకొట్టం మంత్రం ఏదైనా ఉందేమో చూడరా, ఈవిడకి” అని కసిరింది వెర్నా.

ఆర్డిస్ తెచ్చుకున్న కాగితం సంచీలో బల్ల మీద మిగిలిన రెండు బ్రౌనీ కేకు ముక్కలు వేసుకుని వెళ్లిపోయింది. కుషన్, డబ్బా, గంట ఎక్కడివక్కడే ఉన్నాయి.